మారుతి 800 ఇంజిన్ మౌంటింగులు మనమే మార్చుకోవడం ఎలా

సిగ్నల్ దగ్గర ఆగి న్యూట్రల్‌లో పెట్టగానే స్టీరింగ్ చేతుల్లో వణుకుతోందా? లోపలి అద్దంలో వెనకున్న బస్సు రెండు బస్సుల్లా కనబడుతోందా? క్లచ్ వదలగానే కాళ్ళ దగ్గర ఎక్కడో 'ఠక్' మంటోందా? అయితే మీ మారుతి 800లో ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు అయిపోయి ఉండొచ్చు. కొందరు మెకానిక్‌లు వీటినే 'ఫౌండేషన్' అంటారు. షాపులో ఆ మాట వినబడితే కంగారు పడకండి, రెండూ ఒకటే.

మా నాన్న కొన్న తెల్ల 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని డ్యాష్‌బోర్డు మీద చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ. రెండేళ్ళ కిందట ఆ బొమ్మ, బండి ఆగినప్పుడల్లా మెల్లగా జరుగుతూ గ్లవ్ బాక్సు వైపు ప్రయాణం కట్టేది. ఒకాయన ప్లగ్గులు మార్చాడు, ఇంకొకాయన కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) విప్పి కడిగాడు. బొమ్మ ప్రయాణం మాత్రం ఆగలేదు. చివరికి ఒక ఆదివారం నేనే బండి కిందికి దూరి చూస్తే, వెనక మౌంటింగులో రబ్బరు ఒకచోట, ఇనుము ఒకచోట ఉన్నాయి. ఈ పని ఎలా చేశానో, ఎక్కడ తప్పు చేశానో రెండూ చెప్తాను.

ముందు రోగం అదేనా అని తేల్చుకోండి

ఈ బండిలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. మూడు సిలిండర్లంటేనే కొంచెం వణుకు పుట్టుకతో వచ్చిన గుణం. లోపల పిస్టన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతూ ఇంజిన్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఉయ్యాలలా ఊపుతూనే ఉంటాయి. దానికి తోడు, రెండు చుట్లకు మూడుసార్లు మంట అంటుకుంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లు అనుకుంటే సెకనుకు 20 తోపులు. ఆ తోపులు బాడీ దాకా రాకుండా మింగేయడమే రబ్బరు పని. అంటే కొత్త మౌంటింగులు వేసినా ఇది నాలుగు సిలిండర్ల బండిలా నిశ్శబ్దంగా కూర్చోదు. ముందే ఈ ఆశ వదులుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

ఒక సిలిండర్ సరిగ్గా పని చేయకపోయినా అచ్చం ఇలాగే ఊగుతుంది. కార్బ్యురేటర్ మోడల్ అయితే తేల్చుకోవడం తేలిక. ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ వైరు పీకి, దాని చివర ఒక పాత ప్లగ్గు తొడిగి, ఆ ప్లగ్గు లోహం ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా పెట్టి, పెట్రోలు పైపులకు దూరంగా ఉంచి స్టార్ట్ చేయండి. ఇంజిన్ మరీ అధ్వానంగా కొట్టుకుంటే ఆ సిలిండర్ బాగుందన్నట్టు. తేడా ఏమీ తెలియలేదంటే అది ముందే నిద్రపోతోందన్నమాట. అప్పుడు సమస్య మౌంటింగు కాదు. ఇలా మూడూ ఒక్కొక్కటే చూడండి. కార్బ్యురేటర్ బదులు పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ మోడల్‌లో ఈ ప్రయోగం వద్దు.

ఐడ్లింగ్ మరీ తక్కువ పెట్టినా వణుకుతుంది. స్క్రూ పావు చుట్టు తిప్పితే పోయే వణుకుకు మౌంటింగులు కొనకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బానెట్ ఎత్తండి. ఇంట్లో క్లచ్ మీద చెయ్యి తిరిగిన మనిషిని సీట్లో కూర్చోబెట్టండి. వాళ్ళు బ్రేకు నొక్కి పట్టుకుని, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ను కొద్దిగా వదిలి మళ్ళీ నొక్కాలి. తర్వాత రివర్స్‌లోనూ అంతే. మీరు పక్కన, ఫెండర్ దగ్గర నిలబడి చూడండి. బండికి ఎదురుగా ఎట్టి పరిస్థితిలోనూ నిలబడొద్దు. ఫస్ట్‌లో ఇంజిన్ తల వెనక్కి వాలుతుంది, రివర్స్‌లో ముందుకు వస్తుంది. కొద్దిగా కదలాలి కూడా, రబ్బరు మీద ఉన్నది కదా. కదలిక మెత్తగా ఆగుతోందా, ఇనుముకు ఇనుము తగిలి 'ఠక్' మని ఆగుతోందా అన్నదే చూడాల్సింది. రెండోది అయితే సందేహం అక్కర్లేదు.

ఇంకో మూడు చిన్న గుర్తులు. గేర్ రాడ్ మీద చెయ్యి వేసి యాక్సిలరేటర్ తొక్కితే రాడ్ దానంతటదే ముందుకూ వెనక్కూ పోతుంది, ఎందుకంటే ఈ బండిలో గేర్ రాడ్‌ను గేర్‌బాక్సుతో కలిపేది ఇనప కడ్డీలే. ఇంజిన్ వాలితే రాడ్ కూడా వాలుతుంది. రెండోది, సైలెన్సర్ పైపు ముందు భాగంలో వెల్డింగ్ చేయించిన చోటే పదే పదే పగలడం. మూడోది, మొదటి గేర్‌లో కదిలేటప్పుడు బండి కుదుపులు పడడం. దీనికి క్లచ్ ప్లేటు మార్చేసినవాళ్ళు నాకు తెలుసు.

కొనేటప్పుడు

ఈ బండిలో మౌంటింగులు మూడు. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకటి టైమింగ్ బెల్ట్ ఉన్న చివర, ఒకటి గేర్‌బాక్స్ ఉన్న చివర, మూడోది వెనక, మనకూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న గోడ వైపు. కుడిది, ఎడమది అని అడిగితే షాపులో తప్పకుండా తికమక అవుతుంది. మీరు బానెట్ ఎదురుగా నిలబడి కుడి అంటారు, ఆయన సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుని కుడి అంటాడు. బెల్ట్ వైపుది, గేర్‌బాక్స్ వైపుది, వెనకది అని అడగండి.

1983 డిసెంబర్‌లో మొదటి బండి బయటికొచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. ఈ ముప్పై ఏళ్ళలో బాడీ మారింది, కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, అయిదు గేర్లదీ వచ్చింది. కాబట్టి 'మారుతి 800 మౌంటింగు' అంటే సరిపోదు. మోడల్ సంవత్సరం చెప్పండి, ఛాసిస్ నంబరు రాసుకుని వెళ్ళండి, వీలైతే పాతదాని ఫోటో చూపించండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ పాత బండ్ల సామాన్లు చూసి చూసి ఫోటోతోనే పోల్చేసే కౌంటర్‌వాళ్ళు ఉంటారు.

కంపెనీ సరుకు దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే చేతిలోకి తీసుకుని చూడండి. ఇందులో రబ్బరు, ఇనుము ఒకదానికొకటి వేడి మీద అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు అంచు వెంబడి గోరు పెట్టి తిప్పండి, ఎక్కడా గోరు దూరకూడదు. రబ్బరు మరీ మెత్తగా, జిడ్డుగా ఉన్నా వద్దు, టైరు ముక్కలా గట్టిగా ఉన్నా వద్దు. ఏళ్ళ తరబడి అలమారాలో పడి ఉన్న పాత స్టాకు రబ్బరును కొద్దిగా వంచి చూస్తే పైన సన్నటి వెంట్రుకల్లాంటి బీటలు కనబడతాయి. తక్కువకు ఇస్తామన్నా అది తీసుకోకండి. బాగా గట్టిదైతే ఎక్కువ కాలం వస్తుందని రబ్బరు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి వెతికేవాళ్ళు కూడా ఉన్నారు. రేసు బండికి సరే. 800కు వేస్తే ఆ సెకనుకు ఇరవై తోపులూ సరాసరి మీ పళ్ళ దాకా వస్తాయి.

మూడూ ఒకేసారి మార్చండి అనే నా సలహా. ఒక్కటే తెగింది కదా, మిగతా రెండూ బాగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ వాటి వయసూ అంతే. పైగా తెగినదాని బరువు కూడా ఇన్నాళ్ళూ అవే మోశాయి. నా బండిలో చూడ్డానికి బాగున్న గేర్‌బాక్స్ వైపు మౌంటింగును కొత్తదాని పక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే 6 మి.మీ. కుంగి ఉంది.

కావలసిన సామాను: 10, 12, 14, 17 సైజుల రింగ్ పానాలు, సాకెట్లు, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్, రాట్చెట్, టార్క్ రెంచ్ (ఎంత బిగువు పెడుతున్నామో కొలిచే పానా, అద్దెకో, తెలిసినవాళ్ళ దగ్గరో తెచ్చుకోండి), ట్రాలీ జాకీ ఒకటి, బండిని ఆపే స్టాండ్లు రెండు, ఒకటిన్నర అంగుళం మందం చెక్క పలక, వైరు బ్రష్, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, టార్చి. ఒక సన్నటి రాడ్ లేదా పొడుగు స్క్రూడ్రైవర్ కూడా ఉండాలి, రంధ్రాలు కలుపుకోవడానికి. మనిషి సాయం ఒకరు తప్పనిసరి.

ముందు రోజు రాత్రి

బోల్టుల మీద ఉన్న మట్టీ జిడ్డూ వైరు బ్రష్‌తో గీకేసి స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున లేచి ఇంకోసారి కొట్టండి. ఏళ్ళ తరబడి వాన నీళ్ళు తాగిన బోల్టు అయిదు నిమిషాల్లో మెత్తబడదు. కొత్త రబ్బర్లకు మాత్రం ఇది తగలనివ్వకండి.

ఇదే సమయంలో ఇంజిన్ ఒళ్ళంతా ఒకసారి టార్చి వేసి చూడండి. ఆయిల్ ఎక్కడి నుంచైనా కారుతోందా? ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) ప్యాకింగ్ నుంచి కారే ఆయిల్ కిందికి దిగి మౌంటింగు మీద పడుతుంది. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బిపోయి, మెత్తబడి, ఇనుము నుంచి ఊడిపోతుంది. చాలా మౌంటింగులు వయసుతో కాదు, ఇలాగే చస్తాయి. ఆ లీకు ఆపకుండా కొత్తవి వేస్తే మళ్ళీ ఇదే పని చేయాలి. నేను ముందు ప్యాకింగ్ మార్చి, వారం తర్వాత మౌంటింగుల జోలికి వెళ్ళాను.

ఇంజిన్‌కు ఆసరా

ఈ పనిలో మౌంటింగు మార్చడం చిన్న భాగం. ఇంజిన్‌ను సరిగ్గా పట్టుకోవడం పెద్ద భాగం.

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక చదునైన నేల మీద బండి పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ముందు భాగం ఎత్తి, బాడీ కింద జాకీ పాయింట్ల దగ్గర రెండు స్టాండ్లు పెట్టి దించండి. వెనక చక్రాలకు రాళ్ళు ఉన్నాయో లేదో మళ్ళీ చూడండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి వెళ్ళకండి. 'రెండు నిమిషాలే కదా' అని కూడా వెళ్ళకండి.

ఇప్పుడు ఖాళీ అయిన జాకీని ఇంజిన్ కిందికి తేవాలి. అందరూ ఆయిల్ సంప్ కింద పెడతారు. సంప్ అంటే పల్చటి రేకు డబ్బా. జాకీ తల నేరుగా ఆనితే లోపలికి సొట్ట పడుతుంది. సొట్ట పడితే పోయేది అందం కాదు. ఆయిల్ లాగే గొట్టం మూతి సంప్ అడుగుకు దగ్గర్లోనే ఉంటుంది, సొట్ట దాన్ని మూసేస్తే ఇంజిన్‌కు ఆయిల్ అందదు. అందుకే వెడల్పాటి చెక్క పలక వేసి, పలక సంప్ అంచుల మీద కూడా ఆనేలా చూసుకోండి. నా మాట వింటే సంప్‌ను వదిలేసి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద మందంగా ఉన్న భాగానికి పలక ఆనించండి. బరువు సమంగా పడుతుంది.

జాకీని మెల్లగా ఎత్తండి. పలక ఆనిన తర్వాత ఇంకొక్క పిసరు ఎత్తితే చాలు. స్టాండ్ల మీద బండి తేలిపోయిందంటే ఎక్కువ ఎత్తారని అర్థం. ఇక్కడ కావలసింది మౌంటింగుల మీది బరువు జాకీ మీదికి రావడం, అంతే.

ఎత్తుతున్నప్పుడు పక్కన మనిషిని పైనుంచి చూస్తూ ఉండమనండి. రేడియేటర్ హోస్, పెట్రోల్ పైపు, యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, సన్నటి వ్యాక్యూమ్ పైపులు: ఏది బిగుసుకుపోయినా 'ఆపు' అనాలి. పని మొత్తంలో ఇంజిన్‌ను 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఎత్తాల్సిన అవసరం నాకు రాలేదు. సైలెన్సర్ పైపు అడ్డం పడుతున్నట్టు ఉంటే, దాన్ని మెలిపెట్టకుండా జాయింట్ నట్లు కొద్దిగా వదులు చేయండి.

మొదట బెల్ట్ వైపుది

ఒకటి విప్పి, కొత్తది వేసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళాలి. మూడూ ఒకేసారి విప్పితే ఇంజిన్ జాకీ మీద గారడీ చేస్తుంది. ఒరిగితే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ గేర్‌బాక్స్ నుంచి ఊడి వచ్చి ఆయిల్ నేలపాలు కావచ్చు, మీ వేళ్ళు మధ్యలో ఉంటే అంతకంటే ఘోరం.

బెల్ట్ వైపుది సాధారణంగా పైనుంచే అందుతుంది, చెయ్యి తిరగడానికి ఇదే మంచి చోటు. ముందు మౌంటింగు మధ్య నట్టు వదులు చేయండి, తర్వాత బాడీ వైపు బోల్టులు, చివరికి ఇంజిన్ వైపు బ్రాకెట్. బోల్టు కదిలినట్టే కదిలి మళ్ళీ బిగుసుకుంటే బలం వాడకండి. పావు చుట్టు విప్పి, అరపావు వెనక్కి తిప్పి, స్ప్రే కొట్టి, మళ్ళీ పావు చుట్టు. ముఖ్యంగా అల్యూమినియంలోకి దిగిన ఇనప బోల్టులు. అవి మొండికేస్తే మరలు సహా బయటికొస్తాయి.

విప్పిన బోల్టులను అట్టముక్క మీద మౌంటింగు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. వీటి పొడవులు ఒకటి కావు. పొడుగు బోల్టు పొట్టిదాని చోట పెడితే అడుగు తగిలి బిగిసినట్టు నటిస్తుంది, మౌంటింగు మాత్రం వదులుగానే ఉంటుంది.

పాతదాన్ని తీసి కొత్తదాని పక్కన పెట్టండి. రంధ్రాల దూరం, మధ్య బోల్టు మందం, ఏ వైపు పైకి రావాలో గుర్తు, మూడూ కలవాలి. కలవకపోతే సుత్తి తీయకండి, షాపుకు వెళ్ళండి.

కొత్తది పెట్టేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తోనే మూడు నాలుగు మరలు ఎక్కించండి. చేత్తో ఎక్కలేదంటే రంధ్రం కలవలేదని అర్థం. జాకీని ఒక పిసరు పైకో కిందికో చేసి, సన్నటి రాడ్ రంధ్రంలో దూర్చి కలుపుకోండి. రంధ్రంలో వేలు పెట్టి చూడొద్దు. ఇంజిన్ ఒక్క మిల్లీమీటరు జారినా చాలు, గోరు ఉండదు. రబ్బరు ఎక్కడైనా దూరనంటే సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, ఆయిల్ వద్దు, ఎందుకో పైనే చెప్పాను.

ఇంజిన్ వైపు బ్రాకెట్ బోల్టులు మాత్రం ఇప్పుడే పూర్తిగా బిగించేయండి. రబ్బరు మీద ఉన్న మధ్య నట్టు, బాడీ వైపు బోల్టులు చేతి బిగువు మీదే వదిలేయండి.

గేర్‌బాక్స్ వైపు

బ్యాటరీ, దాని ట్రే అడ్డు వస్తే తీసేయండి. మిగతా పద్ధతంతా ఒకటే. ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. బాడీకి, ఇంజిన్-గేర్‌బాక్సుకు మధ్య ఒక అల్లిన రాగి పట్టీ ఉంటుంది, ఎర్త్ పట్టీ. మౌంటింగులు రబ్బరు కాబట్టి ఇంజిన్ నుంచి కరెంటు తిరిగి వెళ్ళే దారి అదే. దాని బోల్టు ఈ పనిలో విప్పాల్సి రావచ్చు. విప్పితే రెండు చివరలూ బ్రష్‌తో తళతళలాడేలా రుద్ది, వెంటనే బిగించండి.

'తర్వాత పెడదాంలే' అని నేను దాన్ని పక్కన వేలాడదీశాను. పనంతా అయ్యాక తాళం తిప్పితే స్టార్టర్ మూలిగింది గానీ తిరగలేదు. మళ్ళీ తిప్పాను. మూడోసారి క్లచ్ కేబుల్ దగ్గర నుంచి సన్నగా పొగ. పట్టీ లేకపోయేసరికి స్టార్టర్ కరెంటంతా దొరికిన దారి వెతుక్కుని ఆ కేబుల్ గుండా వెళ్ళింది. కేబుల్ మార్చాల్సి వచ్చింది.

వెనకది

అసలు పరీక్ష ఇదే. పైనుంచి చెయ్యి దూరదు, కింద నుంచి కన్ను దూరదు. ఎక్స్‌టెన్షన్ వేసిన సాకెట్‌తో, తల పక్కకు వంచి, టార్చి నోట్లో పెట్టుకుని చేయాల్సిన పని. గేరు కడ్డీలు, సైలెన్సర్ పైపు పక్కనే ఉంటాయి. అందుకే దీన్ని చివరికి పెట్టాను. అప్పటికి మిగతా రెండు కొత్తవీ ఇంజిన్‌ను పట్టుకుని ఉంటాయి, మీ చేతికీ కొంచెం అలవాటు వస్తుంది.

ఇంజిన్ ముందుకూ వెనక్కూ వాలకుండా చూసేది ముఖ్యంగా ఇదే. గేరు మార్చిన ప్రతిసారీ దెబ్బ దీని మీదే పడుతుంది. నా బండిలో ముందు తెగింది ఇదే, నేను చూసిన ఇంకో రెండు బండ్లలోనూ ఇదే.

మధ్య బోల్టు లాగగానే ఇంజిన్ కాస్త ముందుకో వెనక్కో జరగొచ్చు. సాయం మనిషిని ఇంజిన్ తలను చేత్తో నెమ్మదిగా ఆ వైపు తోయమనండి, కొత్త బోల్టు దూరే దాకా. యాక్సిలరేటర్ కేబుల్‌నో, కార్బ్యురేటర్‌నో పట్టుకుని లాగకూడదు. నా బండిలో ఇక్కడ ఒక బోల్టు తల తెగింది. తుప్పు తిని సగమే మిగిలి ఉన్న బోల్టు అది. మిగిలిన ముక్క బయటికి పొడుచుకుని ఉంది కాబట్టి, లాకింగ్ ప్లయర్‌తో పట్టి తీయగలిగాను. లోపలే విరిగి ఉంటే డ్రిల్లింగ్‌కు ఇవ్వాల్సిందే. బోల్టు నడుము సన్నబడినట్టు కనబడితే వెనక్కి పెట్టకండి, అవే మరలు, అదే బలం ఉన్న కొత్తది తెచ్చుకోండి.

బిగించే వరస

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఇంజిన్ ఇంకా జాకీ మీద ఉండగానే అన్ని బోల్టులూ బిర్రుగా బిగించేస్తారు. దాంతో రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొత్త మౌంటింగులు వేసినా వణుకు పోలేదు అనేవాళ్ళలో సగం మంది కథ ఇదే అని నా అనుమానం. మెలిపడ్డ రబ్బరు తొందరగా చిరుగుతుంది కూడా.

మూడూ చేతి బిగువు మీద ఉండగా జాకీని మెల్లగా దించి, పూర్తిగా పక్కకు లాగేయండి. ఇప్పుడు ఇంజిన్ బరువు రబ్బర్ల మీద ఉంది. ఇంజిన్ తలను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, తర్వాత పక్కలకూ నాలుగైదుసార్లు ఊపి వదలండి. దానికి ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ కూర్చుంటుంది. మౌంటింగు మధ్య బోల్టు చుట్టూ ఖాళీ అన్ని వైపులా దాదాపు సమంగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగితే బాడీ వైపు బోల్టులు ఇంకొంచెం వదులు చేసి మళ్ళీ ఊపండి. సైలెన్సర్ జాయింట్ ఇంకా వదులుగానే ఉండాలి, లేకపోతే అదే ఇంజిన్‌ను తన వైపు లాగుతుంది.

కుదురుకున్నాక బాడీ వైపు బోల్టులు, ఆ తర్వాత మధ్య నట్లు, చివరికి సైలెన్సర్ జాయింట్. మీ మోడల్ సర్వీస్ పుస్తకం ఉంటే అందులోని అంకెలే ప్రమాణం. లేకపోతే ఈ రకం బోల్టులకు సాధారణంగా వాడే లెక్క: 12 పానా పట్టే 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 14 పానా పట్టే 10 మి.మీ. బోల్టుకు 45 నుంచి 55. టార్క్ రెంచ్ 'టిక్' అనగానే ఆపేయాలి. ఇంకొంచెం బిగిస్తే మంచిది కదా అన్న ఆలోచనతోనే అల్యూమినియం మరలు పోతాయి.

స్టార్ట్ చేసే ముందు

ఎర్త్ పట్టీ. దీన్ని మొదట చూడండి. తర్వాత బండి కింద, బానెట్ లోపల మర్చిపోయిన పానాలు. ఫ్యాను రేడియేటర్‌కు గానీ, హోసుకు గానీ తగలడం లేదు కదా. యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి వస్తోందా. ఇన్నాళ్ళూ కుంగి ఉన్న ఇంజిన్ ఇప్పుడు పైకి లేచింది కాబట్టి కేబుళ్ళ బిగువు మారుతుంది. క్లచ్ పెడల్‌లో ముందున్న ఖాళీ తగ్గిపోయి ఉంటే కేబుల్ చివర నట్టుతో సరిచేయండి, లేకపోతే క్లచ్ జారి ప్లేటు కాలుతుంది. ఇంజిన్ ఆపి ఉండగానే అన్ని గేర్లూ వేసి చూడండి. అన్నీ పడకపోతే గేరు కడ్డీ ఎక్కడో పట్టుకుంటోందని అర్థం.

బ్యాటరీ వైరు పెట్టి, స్టాండ్లు తీసి, బండిని నేలకు దించి స్టార్ట్ చేయండి. మళ్ళీ ఆ ఫస్ట్-రివర్స్ పరీక్ష చేయండి. ఈసారి ఇంజిన్ వాలి, మెత్తగా వెనక్కి రావాలి. మొదటి ఒకటి రెండు రోజులు వణుకు పాతదానికంటే కొంచెం ఎక్కువగా అనిపించవచ్చు. కొత్త రబ్బరు కుదురుకోవాలి. వారం దాటినా ఎక్కువగానే ఉంటే మళ్ళీ వదులు చేసి, ఊపి, బిగించండి.

నేను పని మొదలుపెట్టే ముందు డ్యాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసులో ముప్పావు నీళ్ళు పోసి, ఐడ్లింగ్‌లో వీడియో తీసుకున్నాను. నీళ్ళ మీద వలయాలు, అంచు దగ్గర చిందులు. పని అయ్యాక అదే గ్లాసు, అదే చోట పెట్టాను. వలయాలు ఉన్నాయి, సన్నగా. చిందులు మాత్రం లేవు. మూడు సిలిండర్లతో ఇంతకంటే అడగలేం. స్వామివారి బొమ్మను మళ్ళీ మధ్యలో పెట్టాను, కదల్లేదు.

500 కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అన్ని బోల్టులూ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి. నావి అన్నీ ముట్టుకోగానే 'టిక్' అన్నాయి. బెల్ట్ వైపు ఒక్క బోల్టు మాత్రం పావు చుట్టు తిరిగింది.